అమ్మ కాచని నీళ్లు

మా తమ్ముడికి ఏడేళ్ల వయసులో పచ్చకామెర్లు వచ్చాయి. నాలుగు రోజులు జ్వరం, వాంతులు. ఏం పెట్టినా వద్దని తల తిప్పేసుకునేవాడు. ఐదో రోజు పొద్దున్నే అమ్మ వాడిని గుమ్మంలోకి, ఎండ పడే చోటికి తీసుకొచ్చి, బొటనవేలితో కింది రెప్పను మెల్లగా లాగి చూసింది. కంట్లో తెల్లగా ఉండాల్సినదంతా పసుపుగా ఉంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ రెప్ప వదిలేసి, రెండో కన్ను కూడా అలాగే లాగి చూసింది, కనీసం అదైనా బాగుంటుందేమోనని.

ఆస్పత్రిలో డాక్టరు గారు పొట్ట నొక్కి చూశారు, రక్త పరీక్షకి రాశారు. చీటీ మీంచి తల ఎత్తకుండానే, "నీళ్లు కాచి తాగిస్తున్నారా అమ్మా?" అని అడిగారు. "రోజూ కుదరదండీ," అంది అమ్మ. "అదే మరి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ మాత్రం జాగ్రత్త పడకపోతే ఎలా?" అన్నారాయన. విసుగ్గా కూడా అనలేదు. రోజుకి పాతికమందికి చెప్పే మాటే మా అమ్మకీ చెప్పారు. కానీ ఆ మాట అమ్మ గుండెల్లో గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. తమ్ముడు రెండు నెలలు బడి మానేశాడు, చిక్కి సగమయ్యాడు, మెల్లగా కోలుకున్నాడు. ఇప్పుడు వాడికే ఇద్దరు పిల్లలు. ఆ జబ్బు సంగతి వాడికి సరిగ్గా గుర్తు కూడా లేదు. అమ్మకి మాత్రం నిన్న జరిగినట్టే. ఇప్పటికీ రాత్రి పడుకోబోయే ముందు పొయ్యి మీద నీళ్ల గిన్నె పెట్టి, కుతకుతలాడేదాకా దాని పక్కనే నిలబడుతుంది. కుర్చీ వేసినా కూర్చోదు.

తమ్ముడు మళ్లీ బడికి వెళ్లడం మొదలుపెట్టిన వారానికి మా వీధి మలుపులో రోడ్డు తవ్వారు. నీళ్లు వాసన వస్తున్నాయని ఎవరో అంతకుముందెప్పుడో ఫిర్యాదు ఇచ్చారట, ఆ కాగితం అప్పటికి కదిలింది. గుంటలోకి దిగిన మనిషి మట్టి తీసి, తుడిచి, చేత్తో చూపించాడు. మంచినీళ్ల పైపు మురిక్కాలవలోంచే వెళుతోంది. దానికి అడుగున వేలు పట్టేంత చిల్లు. అంచులన్నీ తుప్పు పట్టి నల్లగా ఉన్నాయి. "ఇది ఇవ్వాళ్టి చిల్లు కాదు," అన్నాడతను. ఆ రెండు మూడు నెలల్లో మా వరసలో ఇంకో ఐదిళ్లలో కామెర్లు వచ్చాయి. ఆ ఐదుగురు తల్లుల్నీ ఎవరో ఒకరు అదే ప్రశ్న అడిగే ఉంటారు.

పైపుకి రబ్బరు ముక్క చుట్టి, తీగతో బిగించి, గుంట పూడ్చి వెళ్లిపోయారు.

ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఎందుకంటే ఇందులో తప్పు ఎవరిదో నాకూ చాలాకాలం తెలియలేదు. డాక్టరు గారు చెప్పిన సలహా అబద్ధం కాదు. నీళ్లు కాచి తాగితే కామెర్లు తెచ్చే వైరస్ చచ్చిపోతుంది, నిజమే. కానీ ఆ జబ్బు లోపలికి వెళ్లాక బయటపడటానికి రెండు వారాల నుంచి ఏడు వారాల దాకా పడుతుంది. అమ్మ తమ్ముడి కన్ను లాగి చూసిన రోజుకి వాడు ఆ నీళ్లు తాగి దాదాపు నెల అయి ఉంటుంది. ఆ నెలలో ఏ రోజు, ఏ గ్లాసు? ఏ తల్లి చెప్పగలదు? వందమంది తల్లులు, రోజూ, ప్రతి గ్లాసూ, ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా మరిచిపోకుండా కాస్తేనే పిల్లలు క్షేమంగా ఉంటారనే ఏర్పాటు అసలు ఏర్పాటే కాదు. ఒక్క చిల్లు పూడిస్తే ఆ వందమందికీ ఆ భారం ఉండదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. జాగ్రత్తగా ఉండమని జనానికి చెప్పడంతో ప్రభుత్వం బాధ్యత తీరదు. జనం అంతలేసి జాగ్రత్తలు పడాల్సిన అవసరం లేకుండా చూడటమే దాని బాధ్యత. ఆ పని చేశాక మిగిలిన కాస్త దానికి సలహాలు చెప్పుకోవచ్చు. మనం చూస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది. పోస్టరు ముందొస్తుంది. పైపు ఎప్పటికో వస్తుంది.

1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో జరిగింది చదివినప్పుడు నాకు మా వీధి మలుపే గుర్తొచ్చింది. హాంబర్గ్, ఆల్టోనా రెండూ ఆనుకుని ఉన్న ఊళ్లు. మధ్యలో గోడ లేదు, ఏరు లేదు. ఒక వీధికి అటు పక్క ఒక ఊరు, ఇటు పక్క ఇంకో ఊరు. పరిపాలన మాత్రం వేరు. రెండూ ఎల్బ నది నీళ్లే తాగేవి. హాంబర్గ్ నది పైభాగం నుంచి నీళ్లు తీసుకునేది, కానీ వడకట్టకుండానే ఇళ్లకి పంపేది. ఆల్టోనాకి దక్కేది దిగువ నీళ్లు, అంటే హాంబర్గ్ మురికంతా కలిసిన నీళ్లు. కానీ ఆల్టోనా ఆ నీళ్లని ఇసుక పొరల గుండా నెమ్మదిగా వడకట్టి పంపేది. ఆ ఏడాది ఆగస్టులో కలరా వచ్చింది. హాంబర్గ్‌లో కొద్ది వారాల్లోనే దాదాపు 8,600 మంది చనిపోయారు. ఆల్టోనాలో మాత్రం కలరా పెద్దగా పాకలేదు. రెండు ఊళ్ల సరిహద్దు వీధిలో ఒక వరస ఇళ్లలో శవాలు లేస్తుంటే, ఎదురు వరసలో జనం బాగానే ఉన్నారు. అదే గాలి, అదే నేల, అవే పనులకి వెళ్లే కూలీలు.

అందులో ఒక చిన్న సంగతి నన్ను వదలదు. సరిహద్దు దగ్గర హాంబర్గర్ ప్లాట్స్ అని ఒక చోటు ఉండేది. మూడు వందల మంది పైచిలుకు పనివాళ్లు అక్కడ కిక్కిరిసి బతికేవాళ్లు. ఆ చోటు హాంబర్గ్ పరిధిలోదే. కానీ పైపుల అమరికలో ఏదో ఇబ్బంది వల్ల వాళ్లకి నీళ్లు ఆల్టోనా నుంచి వచ్చేవి. చుట్టుపక్కల హాంబర్గ్ ఇళ్లన్నిటిలో కలరా ఉంది, అక్కడ లేదు. ఆ కలరాని పరిశోధించడానికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ దీన్ని ప్రత్యేకంగా రాసి పెట్టారు. ఆ మూడు వందల మందిలో ఎవరూ పొరుగువాళ్లకంటే శుభ్రత ఎక్కువ తెలిసినవాళ్లు కారు, చదువుకున్నవాళ్లూ కారు. వాళ్ల కొళాయి ఇంకో ఊరి పాలకుల చేతిలో ఉంది, అంతే తేడా.

హాంబర్గ్ పేద ఊరేం కాదు. పెద్ద రేవు, బోలెడు వ్యాపారం. నీళ్లు వడకట్టాలనే చర్చ అక్కడ ఏళ్ల తరబడి సాగింది. ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గర నలిగి నలిగి, చివరికి పని మొదలైంది గానీ కలరా వచ్చేనాటికి పూర్తి కాలేదు. 1893లో పూర్తయింది. ఇంకో అన్యాయం కూడా ఉంది. కలరా అని తేలిన తర్వాత కూడా రేవు మూతపడుతుందేమో, వ్యాపారం దెబ్బతింటుందేమో అన్న భయంతో పాలకులు కొన్ని రోజులు బయటికి చెప్పకుండా తాత్సారం చేశారు. ఆ కొన్ని రోజులూ జనం ఆ నీళ్లే తాగారు. కలరా క్రిమిని కాక్ గుర్తించి అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు ఒక చేతిపంపు చుట్టూ చావుల్ని లెక్కగట్టి, కలరా నీళ్లలోంచే వస్తోందని చూపించి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. తెలియక జరిగిందని ఎలా అనుకోగలం?

పైపు చిల్లు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది చిల్లుంటే నీళ్లు బయటికి పోతాయి, అంతేగా అనుకుంటారు. ఇరవై నాలుగు గంటలూ నీళ్లు ఒత్తిడితో నిండి ఉన్న పైపులో అది నిజమే. లోపలి నీళ్లు బయటికి చిమ్ముతాయి గానీ బయటివి లోపలికి రావు. రోజుకి గంటో రెండు గంటలో వదిలి కట్టేసే పైపుల్లో కథ మారిపోతుంది. నీళ్లు ఆపగానే లోపల ఒత్తిడి పడిపోతుంది. ఎత్తు నుంచి పల్లానికి మిగిలిన నీళ్లు జారిపోతుంటే, గొట్టంతో పీల్చినట్టు, ఆ చిల్లు చుట్టూ ఉన్నదంతా లోపలికి వస్తుంది. చుట్టూ ఉన్నది మురిక్కాలవ. మర్నాడు మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురికే మొదట ఇళ్లకి చేరుతుంది. శుద్ధి కేంద్రంలో నీళ్లు ఎంత బాగా శుభ్రం చేశారన్నది ఇక్కడ పనికిరాదు. అందుకే కొళాయి దాకా కాస్త క్లోరిన్ మిగిలి ఉండాలని నియమం పెట్టారు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు. దారిలో దొంగలా చొరబడే మురికిని అడ్డుకునే కాపలా అది. చిల్లు పెద్దదైతే ఆ కాపలా కూడా చాలదు.

ఆ క్లోరిన్‌ని పరీక్షించే పని చేసే ఒకాయన వెంట నేనొకసారి ఉదయం పూట తిరిగాను. ఆయన దగ్గర చేతిలో ఇమిడే చిన్న పెట్టె ఉంటుంది. గాజు గొట్టంలో గీత దాకా కొళాయి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, మూత పెట్టి తిప్పుతాడు. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. పెట్టె పక్కన రంగుల పట్టీ ఉంటుంది, దానితో పోల్చి అంకె రాసుకుంటాడు. ఒక్కో ఇంటికి రెండు నిమిషాలు. చివరన ఉన్న ఇంటి దగ్గర ఆయన గొట్టాన్ని ఎండకేసి పట్టుకుని చాలాసేపు చూశాడు. రంగు రాలేదు. ఇంకో చుక్క వేశాడు. రాలేదు. నేను ఆ తేటనీళ్లని చూస్తుంటే నాకు తమ్ముడి కన్ను గుర్తొచ్చింది. ఈ గొట్టంలో పసుపు కనబడితే పిల్లల కళ్లలో కనబడదు. "ఇప్పుడేం చేస్తారు?" అని అడిగాను. "రాసి ఇస్తానండీ," అన్నాడు. "తర్వాత?" "తర్వాత సంగతి నా చేతిలో లేదండీ."

ఈ "తర్వాత" దగ్గరే చాలా ప్రాణాలు పోతాయి. కెనడాలో వాకర్టన్ అని ఐదువేల మంది కూడా లేని చిన్న ఊరు ఉంది. 2000 మే నెలలో అక్కడ భారీ వానలు కురిశాయి. పొలంలోని పశువుల పేడలో ఉన్న ఇ-కొలై క్రిమి, వాన నీళ్లతో పాటు ఊరి తాగునీటి బావుల్లో ఒకదానిలోకి దిగింది. ఆ రైతు తప్పేమీ చేయలేదని, చేయాల్సిన పద్ధతిలోనే చేశాడని విచారణలో తేలింది. క్లోరిన్ సరిగ్గా వేసి, రోజూ కొలుస్తూ ఉంటే అంతమందికి జబ్బు చేసేది కాదు. కానీ అక్కడి సిబ్బంది ఏళ్ల తరబడి కొలవకుండానే అంకెలు రాస్తున్నారు. నీళ్ల నమూనాల్లో క్రిములున్నాయని మే 17న ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చింది. అది ఊరి నీటి సంస్థకే వచ్చింది. ఆరోగ్య అధికారులు ఫోన్ చేసి అడిగితే నీళ్లు బాగానే ఉన్నాయని సంస్థ మేనేజరు చెప్పాడు. అధికారులు మే 21న తామే చొరవ చేసి నీళ్లు కాచి తాగమని ప్రకటించేదాకా జనం ఆ నీళ్లే తాగారు. ఏడుగురు చనిపోయారు. సుమారు 2,300 మందికి జబ్బు చేసింది.

ఇక్కడ ఆ మేనేజరుని తిట్టుకుని పక్కన పెట్టేయడం తేలిక. జస్టిస్ డెన్నిస్ ఓకానర్ విచారణ అక్కడితో ఆగలేదు. 1996లో ఆ ఊరున్న ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం తాగునీటి పరీక్షలు చేసే తన ప్రయోగశాలల్ని ఆపేసి ఆ పని ప్రైవేటుకి వదిలింది. ఖర్చు మిగులుతుందని. వదిలేటప్పుడు, నీళ్లలో క్రిములు కనబడితే ఆరోగ్య శాఖకి కూడా తప్పనిసరిగా చెప్పాలని ప్రైవేటు ల్యాబులకి నిబంధన పెట్టలేదు. ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం చట్టంలో ఉండి ఉంటే ఆరోగ్య అధికారులకి ముందే తెలిసేది. పర్యావరణ శాఖ బడ్జెట్ కోతలు, తగ్గిపోయిన తనిఖీలు కూడా ఈ విషాదానికి దారితీశాయని ఆ నివేదిక స్పష్టంగా చెప్పింది. ప్రైవేటు వద్దని నేను అనడం లేదు. పని ఎవరితోనైనా చేయించుకోవచ్చు. బాధ్యత మాత్రం కాంట్రాక్టు ఇచ్చి వదిలించుకునేది కాదు.

నీళ్ల దగ్గర "కాచి తాగండి" అనైనా అనొచ్చు. గాలి దగ్గర ఏమంటారు?

1920ల మొదట్లో ఇంజన్ టకటకలాడకుండా ఉండటానికి పెట్రోలులో సీసం కలిపితే బాగుంటుందని కనిపెట్టారు. 1923లో అమ్మకం మొదలైంది. 1924లోనే ఆ సీసం తయారుచేసే కార్ఖానాల్లో కార్మికులు మతి చలించి, మెలికలు తిరిగి చనిపోయారు. 1925లో అమెరికా ప్రభుత్వం పిలిచిన సమావేశంలో ఆలిస్ హామిల్టన్ లాంటి వైద్యులు ఇది వద్దని గట్టిగా చెప్పారు. సీసం విషమన్నది అప్పటికే పాత సంగతి. అయినా ప్రమాదం రుజువు కాలేదని అమ్మకం సాగనిచ్చారు. ఆ తర్వాత యాభై ఏళ్లు, ప్రపంచంలో బండి తిరిగిన ప్రతిచోటా పిల్లలు ఆ పొగ పీల్చారు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఇంత ఉన్నా ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 1970లలో అమెరికా తగ్గించడం మొదలుపెట్టింది. పెట్రోలు బంకుల్లో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ప్రపంచంలో చివరిగా ఆగింది 2021లో, అల్జీరియాలో.

ఆ తొంభై ఎనిమిదేళ్లలో ఏ తల్లి ఎంత జాగ్రత్త పడితే తన బిడ్డ ఆ సీసం పీల్చకుండా ఉండేది? ముక్కుకి ఏం కట్టాలి? బిడ్డని బయటికే పంపకూడదా? ఇక్కడ మనిషి చేయగలిగింది సున్నా. చట్టం చేయగలిగింది అంతా. సీసం తీసేసిన దేశాల్లో పిల్లల రక్తంలో సీసం తగ్గింది. ఎవరికీ అవగాహన సదస్సు పెట్టక్కర్లేకపోయింది.

నాకు తెలిసిన మిత్రులే కొందరు, మంచివాళ్లే, ఇలా అంటారు: "ప్రతిదానికీ ప్రభుత్వమేనా? ఎవరి ఒంటి గురించి వాళ్లు చూసుకోవాలి. ఇది స్వేచ్ఛ సంగతి." ఈ మాటని నేను తేలిగ్గా కొట్టిపారేయను. కానీ స్వేచ్ఛ అంటే ఎంచుకునే వీలు. చిల్లుపడ్డ పైపుని మా అమ్మ ఎంచుకోలేదు. పొగతాగే గదిలో ఎనిమిది గంటలు పనిచేసే మనిషి ఆ పొగని ఎంచుకోలేదు. 2004లో ఐర్లాండ్ పని చేసే చోట్ల పొగ నిషేధించినప్పుడు, అది తాగేవాళ్ల స్వేచ్ఛ మీద దాడి అని గొడవ చేశారు. ఆ గదిలో గ్లాసులు కడిగే మనిషి ఊపిరి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. సిగరెట్టుకీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లోనే చూపించారు. ఆ లెక్క తెలిశాక కూడా యాభై నాలుగేళ్లు పట్టిందంటే, అన్నేళ్లూ గెలుస్తూ వచ్చింది పొగతాగేవాడి స్వేచ్ఛ కూడా కాదు, అమ్మేవాడి వ్యాపారం.

సీటు బెల్టు సంగతీ అంతే. ఇప్పుడు మనం పెట్టుకునే మూడు కొసల బెల్టుని వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ 1959లో తయారుచేశారు. కంపెనీ ఆ డిజైన్‌ని ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది కూడా. అయినా జనం పెట్టుకోలేదు. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం చట్టం చేశాకే అది అలవాటుగా మారడం మొదలైంది. ఈ రోజు బెల్టు పెట్టుకునే మనిషికి తన స్వేచ్ఛ పోయిందన్న ఆలోచనే రాదు.

అయితే ప్రభుత్వానికి ఈ అధికారం ఇవ్వాలని వాదించే నాలాంటివాళ్లు ఒక పేరు ఎప్పటికీ మరిచిపోకూడదు. టస్కీగీ. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న ఆ ఊరి చుట్టుపక్కల 1932 నుంచి 1972 దాకా, అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య శాఖే, సిఫిలిస్ ఉన్న దాదాపు నాలుగు వందల మంది పేద నల్లజాతి మగవాళ్లకి వైద్యం చేస్తున్నామని చెప్పి చేయలేదు. జబ్బు ముదిరితే ఏమవుతుందో చూడాలని. 1940లలో పెన్సిలిన్ వచ్చి, జబ్బు నయమయ్యే దారి దొరికాక కూడా ఇవ్వలేదు. వాళ్లకి నిజం చెప్పలేదు. వాళ్లలో కొందరి భార్యలకి జబ్బు అంటుకుంది, కొందరు పిల్లలు దాంతోనే పుట్టారు. ఇది చేసింది ఏదో దొంగ కంపెనీ కాదు, ప్రజల ఆరోగ్యం కాపాడాల్సిన శాఖ. పత్రికలు బయటపెట్టేదాకా ఆగలేదు. ప్రభుత్వం టీకా వేయించుకోమంటే వెనకాడే మనిషిని చూసి "మూఢనమ్మకం" అని నోరు పారేసుకునే ముందు, ఆ భయానికి ఏదైనా చరిత్ర ఉందేమో కనుక్కోవాలి. నమ్మకం జనం ప్రభుత్వానికి బాకీ పడ్డది కాదు. ప్రభుత్వమే సంపాదించుకోవాలి. ఎప్పుడూ నిజం చెప్పడం తప్ప దానికి నాకు వేరే మార్గం కనబడటం లేదు. క్లోరిన్ లేకపోతే లేదని చెప్పాలి. కలరా వస్తే వచ్చిందని చెప్పాలి, రేవు మూతపడినా సరే.

ఇంత తెలిసీ ఈ పనులు ఎందుకు వెనకబడతాయి? నాకు తోచిన కారణం చెబుతాను. జబ్బు నయం చేస్తే ఒక మనిషి కనబడతాడు. డాక్టరు చేతులు పట్టుకుని ఏడుస్తాడు, పేపర్లో ఫొటో వస్తుంది. జబ్బు రాకుండా ఆపితే ఎవరూ కనబడరు. హాంబర్గర్ ప్లాట్స్‌లో బతికిపోయిన మూడు వందల మందిలో ఒక్కరైనా ఆల్టోనా ఇసుక పొరలకి దండం పెట్టుకుని ఉంటారా? తాము చావబోయామని వాళ్లకి తెలిస్తేగా. కొత్త ఆస్పత్రికి శిలాఫలకం ఉంటుంది, రిబ్బను ఉంటుంది. మార్చిన పైపు మట్టి కింద ఉంటుంది. కాబట్టి డబ్బు కూడా కనబడే వైపే పారుతుంది. ఆస్పత్రులు వద్దని ఎవరంటారు? మా తమ్ముడిని బతికించిన డాక్టరు గారికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కానీ ఒక చిల్లు కారణంగా ఆరు ఇళ్ల పిల్లలు ఆస్పత్రికి వెళితే, ఆ వైద్యం ఖర్చు ఆరోగ్యం మీద పెట్టిన ఖర్చుగా లెక్కకెక్కుతుంది. ఆ పైపు మార్చే ఖర్చు మాత్రం ఏ ఆరోగ్య పద్దులోనూ కనిపించదు. అది రోడ్ల పని, నీళ్ల పని, ఇంకెవరిదో పని.

కనబడని పని ఎంత దూరం వెళ్లగలదో మశూచిని చూస్తే తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలోనే ముప్పై కోట్ల మందిని పొట్టనపెట్టుకున్న జబ్బు అది. సహజంగా సోకిన చివరి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో. 1980 మేలో ప్రపంచం నుంచి పోయిందని ప్రకటించారు. అప్పట్లో అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాన్నొకటి అణుబాంబులతో బెదిరించుకుంటున్నాయి. ఆ రెండూ కూడా ఈ ఒక్క పనికి టీకాలు ఇచ్చి కలిసొచ్చాయి. కార్యకర్తలు ఊరూరా మశూచి ఫొటో కార్డు పట్టుకుని "ఇలాంటి పొక్కులు ఎవరికైనా వచ్చాయా?" అని అడుగుతూ తిరిగారు. ఒక్క కేసు దొరికితే చాలు, ఆ మనిషి చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకాలు వేశారు. ఆ తర్వాత పుట్టినవాళ్ల ముఖాల మీద ఆ మచ్చలు లేవు.

కాబట్టి నేను అడిగేవి పెద్దవేం కావు. ప్రతి వీధి కొళాయి దగ్గరా క్లోరిన్ ఎంత వచ్చిందో ఆ వీధిలోనే, అందరికీ కనబడేలా రాసి పెట్టాలి. రంగు రాని రోజున ఆ సంగతి ఆరోగ్య శాఖకి ఆ పూటే చేరాలి. చేరకపోతే ఎవరు జవాబు చెప్పాలో పేరుతో సహా ముందే తేల్చి ఉండాలి. ఒకే వీధిలో రెండో కామెర్ల కేసు వచ్చినప్పుడు డాక్టరు తల్లిని అడిగే ప్రశ్నతో పాటు నీళ్ల శాఖకి ఒక ఫోన్ కూడా వెళ్లాలి. మా తమ్ముడిది ఆ వరసలో మొదటి కేసు కాదు, మూడోది. ఇద్దరు పిల్లలు అప్పటికే కామెర్లతో మంచాన పడి ఉన్నారు. ఆ ఇద్దరినీ కలిపి చూసే పని ఎవరికీ అప్పగించలేదు.

ఇది రాస్తూ మొన్న అమ్మకి అంతా చెప్పాను. పైపు చిల్లు సంగతి ఆవిడకి తెలుసు, ఆ రోజు మలుపులో గుంట తవ్వినప్పుడు తనూ చూసింది. అయినా ఇన్నేళ్లూ ఆ చిల్లునీ, తమ్ముడి జబ్బునీ కలిపి ఎవరూ తనకి చెప్పలేదు. జబ్బు బయటపడటానికి నెల పడుతుందన్నది కూడా తెలియదు. "అంటే నేను ఆ వారమంతా కాచినా వచ్చేదా?" అంది. వచ్చేదన్నాను. కాసేపు చేతిలో గిన్నె అలాగే పట్టుకుని కూర్చుంది.

"రబ్బరు చుట్టి పోయారు కదా," అంది తర్వాత. "పైపు ఎప్పుడు మార్చారు?"

"ఎనిమిది నెలలకి."

"మరి ఆ ఎనిమిది నెలలూ మిగతా పిల్లలు ఏ నీళ్లు తాగారు?"